అంగీకారము – అవగాహన

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన మద్రాసునుండి వచ్చిన "ట్రూరో" నౌక డర్బన్ రేవు చేరినది. ఆనాటినుండి 1911 వరకు చెరకుతోటల పనికై నేటాలునకు వచ్చిన మన పెద్దలలో ఎందరో తాము చదువలేని ఒప్పందపత్రములపై వ్రేలిముద్ర వేసిరి. చట్టము దానిని అంగీకారమనెను. అర్థము కానిదానికి ఇచ్చిన సమ్మతి సమ్మతి యగునా? ఈ ప్రశ్న నేడు ఆసుపత్రి గుమ్మమువద్ద మరల ఎదురగుచున్నది.

ఇంచుమించు 700 మంది శిశువులలో ఒకరు పెదవి చీలికతోనో, అంగిలి చీలికతోనో పుట్టుదురు. మన భాషలో దీనికి "గ్రహణము మొర్రి" అని పేరు. ఆ పేరులోనే తల్లిపై ఒక అపవాదు దాగియున్నది: గర్భిణిగా ఆమె గ్రహణమును చూచినదట! సత్యమేమనగా, గర్భమున తొలి మూడు నెలలలో కలియవలసిన పెదవి, అంగిలి భాగములు కలియనిచో చీలిక నిలిచిపోవును. వంశలక్షణములు, ఇతర కారణములు కూడి దీనికి హేతువులగును. తల్లి చూపునకు ఇందు పాపము లేదు.

దీని చికిత్స ఒక్కనాటితో ముగియునది కాదు. తొలి నెలలలో పెదవికి, సుమారు ఏడాది వయస్సున అంగిలికి శస్త్రచికిత్స, పిమ్మట చెవుల పరీక్ష, మాటల శిక్షణ, చిగురు చీలియున్నచో 8–11 ఏండ్ల ప్రాంతమున అచట ఎముక పూరణ, దంతములను సరిచేయుట, కొందరికి ఎదుగుదల ముగిసిన పిదప దవడ శస్త్రచికిత్స.

శిశువు తన ఇష్టమును చెప్పజాలడు గనుక తల్లిదండ్రులు సంతకము చేయుదురు. అది న్యాయమే. కాని ఆ సంతకము బిడ్డ పేర తీసికొన్న అప్పువంటిది. వయస్సు వచ్చినకొలది బిడ్డకు లెక్క చెప్పవలెను. "చెప్పినచో మనస్సు నొచ్చును, మౌనమే దయ" అని కొందరందురు. అంగిలి వెనుకభాగము ముక్కుదారిని సరిగా మూయనిచో "ప", "బ" అక్షరములు స్పష్టముగా పలుకవు. ఇది తెలిసిన బాలుడు తన లోపము సోమరితనము కాదని గ్రహించి, శిక్షణకు ఇష్టముతో పోవును. తెలియనివాడు సిగ్గుపడి నోరు మూసికొనును. అట్టి మౌనము దయ యెట్లగును?

దక్షిణాఫ్రికాలో 2005 నాటి బాలల చట్టము ప్రకారము 12 ఏండ్లు దాటిన బిడ్డ చికిత్సకు తానే సమ్మతి నీయవచ్చును. శస్త్రచికిత్సకైనచో తల్లిదండ్రుల తోడు కావలెను. అయితే చట్టము వయస్సుతో తృప్తిపడలేదు. లాభనష్టములను గ్రహించు వివేకమునుకూడ కోరినది.

గ్రహింపజేయు భారము ఎవరిది? "అర్థమైనదా?" అని వైద్యుడు అడిగినచో తల యూపుట మన మర్యాద. ఆ తలయూపు వ్రేలిముద్రకు తోబుట్టువు. "నేను చెప్పినదానిని నీ మాటలలో చెప్పుము" అనుటయే సరియైన పరీక్ష. బిడ్డ తడబడినచో దోషము చెప్పినవానిదని యెంచి, మరల చెప్పవలెను. ఇంటిలోని పెద్దలుకూడ ఈ పని చేయవలెను.

చదువలేని పత్రముపై ముద్ర వేసినవారి సంతతివారమైన మనము, మన బిడ్డల ముఖముపై జరుగు పనిని వారికి తెలియకుండ జరుగనీయరాదు.