కానరాని చోటు

“నాకు కనబడలేదు” అనుమాట నేరమునకు సమాధానమగునా? దారిలో నెవడైన గాయపడినప్పుడు బండి నడపినవాడు మొట్టమొదట పలుకు మాట యిదియే. పలుమారు అది యబద్ధమును గాదు. అందుచేతనే దీనిని విచారింపవలసి యున్నది.

మిరపకాయల కాలమున గుంటూరు మార్కెట్ యార్డునకు పోవు దారిని చూచినవారికి మా మాట సులభముగా బోధపడును. టిక్కీలు నింపుకొన్న లారీలు, ట్రాక్టర్లు అచట బారులు తీరి నిలుచును. వాని నడుమ మోటారు సైకిళ్లు సందు వెదకికొని పోవుచుండును. ఒకనాడు మేమును అట్లే యొక లారీకి ఎడమప్రక్కగా స్కూటరుపై పోవుచుంటిమి. లారీ యెడమకు తిరుగసాగెను. క్లీనరు తలుపును దబదబ చరచి కేక వేయకున్నచో మా గతి యేమై యుండెడిదో! మేము కోపించితిమి. డ్రైవరు దిగివచ్చి, “అయ్యా, మీరక్కడ ఉన్నట్టు అద్దంలో కనపడలేదండీ, కావాలంటే ఎక్కి చూడండి” అనెను. ఎక్కి చూచితిమి. స్కూటరు మేము నిలిపిన చోటనే యున్నది; అద్దమున మాత్రము లేదు.

దీనిని ఆంగ్లమున బ్లైండ్ స్పాటందురు, మనము అంధస్థానమనవచ్చును. మన దేశమున డ్రైవరు కుడివైపున కూర్చుండును గనుక లారీ యెడమప్రక్క నీ చోటు విశాలము. ఆసన మెంత యెత్తైన, దగ్గరి నేల యంత మరుగుపడును. కుంభాకారపు టద్దము విస్తారముగా చూపును గాని, దగ్గరివానిని దూరమున నున్నట్లు తోపించును. పత్తి బోరేలు ప్రక్కలకు పొంగిన బండిలో అద్దమునకును బోరేలే కనబడును. మనుష్యుని కంటిలోనే యిట్టి చోటొకటి కలదని 17వ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారియట్ కనుగొనెను. అది మనకు నల్లని మచ్చగా తోచదు. మనస్సు దానిని పూడ్చివేయును. లోపము లోపముగా తోచకుండుటయే అసలైన యపాయము.

కావున చూడలేకపోవుట దోషము గాదు. చూడలేని చోటు కలదని యెరిగియు మరచుట దోషము. సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు. మనము దానిని అపాయమను నర్థమున వాడుచున్నాము. ఉద్యోగపర్వమున సనత్సుజాతుడు ప్రమాదమే మృత్యువని బోధించినది కన్నులులేని ధృతరాష్ట్రునకు! కన్నులు లేవని యా రాజును నిందించుట న్యాయము గాదు. ఎరిగియు ఏమరుటయే యాతని నేరము.

ఈ బాధ్యత డ్రైవరు నొక్కనిదే గాదు. అతడు బయలుదేరకముందే అద్దములు సరిచేసికొనవలెను. తిరుగుటకు ముందు సంజ్ఞ చేసి, ఒక క్షణ మాగి, ప్రక్కకు తల త్రిప్పి చూడవలెను. కూలి మిగులునని క్లీనరును మాన్పించు యజమానియు, అద్దము కప్పబడునట్లు సరకెత్తించు వర్తకుడును పాపమున భాగస్వాములే. చిన్నబండివాడు లారీ యద్దములో డ్రైవరు ముఖము తనకు కనబడకున్నచో తానును అతనికి కనబడడని గ్రహింపవలెను. పెద్దబండి మలుపు తిరుగునప్పుడు వెనుక చక్రములు ముందు చక్రములకంటె లోపలిగా వచ్చునని తెలిసికొని, ఆ ప్రక్కను దూరరాదు. ఇంటి వాకిట కారును వెనుకకు నడుపు గృహస్థు, బిడ్డలెవరైన నున్నారేమోయని మొదట చుట్టును తిరిగి చూడవలెను.

“కనబడలేదు” అనువానిని మన మడుగవలసినది యొక్కటే: “కనబడదని యెరుగుదువు గదా, ఎరిగి యేమి చేసితివి?” ఆ ప్రశ్న లారీ ప్రక్కను దూరిన మమ్మును అడుగవలసినదే. ఆనాడు మావద్ద సమాధానము లేదు.