అంతరాత్మకు పెద్ద యెవరు?

ఊరిపెద్ద తలయూపినంత మాత్రమున ఊరివారందరి అంతరాత్మలును మతము మార్చుకొనగలవా?

1839లో కుమాసీ పట్టణమునకు బయలుదేరిన వెస్లియను మిషనరీ ఫ్రీమన్, పశ్చిమాఫ్రికాలోని అశాంటీ రాజుయొక్క అనుజ్ఞకై త్రోవలోనే వారముల తరబడి వేచియుండవలసి వచ్చెను. రాజు సమ్మతింపనిదే అచ్చట బోధ లేదు. ప్యాపిలి మొదలు ఆళ్ళగడ్డ వరకుగల మన సీమ గతి వేరు. 1800లో దత్తమండలములు కంపెనీ వశమయ్యెను; మన్రో దొర పాళెగాండ్ర నణచెను; 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరిదీసిరి. తరువాతి దశాబ్దములో ఆంగ్లికను మిషనరీలు ఆళ్ళగడ్డ సమీపమందలి ముత్యాలపాడున నెలకొనునాటికి, అనుజ్ఞ యడుగుటకు పాళెగాడే లేడు. వారిని చేరవచ్చినవారు నాడు పంచములని త్రోయబడినవారు. వారిలో పెద్దల మాటపై కుటుంబములు గుంపుగా కదలెను.

దీనిని గంజికై చేసిన మార్పని పరిహసించుట సులభము. ఆ శంక మిషనరీలకును గలదు. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ, కాలువపనిచే వేలమందికి కూలి చూపించుచు, ఆ దినములలో బాప్తిస్మ మిచ్చుట నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3న ఒక్కదినమే 2,222 మంది దానిని పొందిరి.

ఏకాకిగా మతము మారిన పేదకు నీరు పోయువాడెవడు? పనికి పిలుచువాడెవడు? కావున పెద్దల మాట అతనికి నీడయయ్యెను. అయినను నీడ వేరు, వెలుగు వేరు. పెద్ద తలుపు తెరువగలడు గాని, ఒకని బదులు మరియొకడు ప్రార్థింపజాలడు.

మనమాత్రము మన మతమును విచారించి వరించితిమా? తాతలు చెప్పిరని అంగీకరించినవారమే గదా! కూలి మాన్పింతునని బెదరించి పాలేరును పూర్వమతమున నిలుపు భూస్వామియు, గంజి చూపి పిలుచు బోధకుడును ఒక్క పాపమునే చేయుచున్నారు.

రామమోహన రాయలవారు 1820లో క్రీస్తు నీతివాక్యములను సంకలనము చేసి గౌరవించిరి. త్రిత్వవాదమును నిరాకరించి శ్రీరాంపురపు మిషనరీలతో వాదించిరి. 1828లో ఏకేశ్వరోపాసనకై బ్రహ్మసమాజమును స్థాపించిరి. ఆదరించుట, పరీక్షించుట, పిమ్మట నిర్ణయించుట: ఇదియే స్వతంత్రుని మార్గము.

ఆ స్వాతంత్ర్యము ఆకలిగొన్నవానికి గలుగవలెనన్న, ముందుగా మన బావులును బడులును, మతము నడుగక, అందరికిని తెరచియుండవలెను. అటుపై అతడు నిలిచినను, వెడలినను, ఆ నిర్ణయ మతనిది, సాక్షి పరమేశ్వరుడు.