దొడ్డి కడిగిన చేయి

యోగసూత్రాల్లో నియమాలు 5, వాటిలో మొదటిది శౌచం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా ఇంటి బాత్రూమే గుర్తొస్తుంది, నవ్వకండి.

ఊళ్లో మా అమ్మ రోజూ స్నానానికి ముందే ఫినాయిల్ వేసి దొడ్డి కడిగేస్తుంది. తర్వాత తలస్నానం, ఆపైనే పూజగది. మా అత్తగారింట్లో ఆదివారం యాసిడ్, మిగతా రోజులు బ్రష్ ముట్టరు. హైదరాబాద్ ఫ్లాట్‌లో నేనూ నా భార్యా వారానికొకరం అనుకున్నాం గానీ, నా వంతు వచ్చినప్పుడల్లా ఆఫీసు కాల్ ఉండేది! (ఒకసారి తొందరలో యాసిడ్ మీద బ్లీచింగ్ పౌడర్ వేశాను. క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరాడలేదు. ఆ రెండూ ఎప్పుడూ కలపకండి.)

చివరికి ఒకావిడను పెట్టుకున్నాం. మొన్న అమ్మ వచ్చింది. ఆవిడ బాత్రూం కడిగి, చేతులు సబ్బుతో కడుక్కుని మంచినీళ్లడిగితే, అమ్మ ప్లాస్టిక్ గ్లాసు కోసం వెతికింది. నేను చూస్తూ ఊరుకున్నాను. అదే పని చేసే అమ్మకి స్నానంతో శుద్ధి అయిపోతుంది, ఆవిడకి మాత్రం ఎన్నిసార్లు కడుక్కున్నా కాదు. మురికి చేతికి అంటినదే అయితే ఇద్దరికీ ఒకటే కదా? మరి ఆ గ్లాసు దేనికి?

1901లో కలకత్తా కాంగ్రెసులో గాంధీగారు చీపురు అడిగి తీసుకుని దొడ్డి శుభ్రం చేశారు. ఆ సంగతి అమ్మతో అనలేకపోయాను. బ్రష్ నేనూ పట్టుకోవట్లేదుగా.

ఈ ఆదివారం నేనే కడిగాను. ఆవిడ జీతం తగ్గించలేదు. స్టీలు గ్లాసులు కింది అరలో, అందరికీ అందేలా పెట్టాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు.