ఎనకతట్టు

మీదే ఊరని ఎవరైనా అడిగితే చాలా ఏళ్లు "మంత్రాలయం దగ్గర" అని చెప్పేవాణ్ని. రాఘవేంద్రస్వామి పేరెత్తాక ఇంకో ప్రశ్న రాదు. ఎమ్మిగనూరు అంటే దుప్పట్లు, ఆదోని అంటే పత్తి. హైదరాబాదులో కూర్చుని బొమ్మల మీద వ్యాసాలు రాసుకునేవాడికి ఈ రెండూ చెప్పుకోదగ్గ చిరునామాలు కావని నా లెక్క.

నాయనది మగ్గం బతుకు. 1938లో మాచాని సోమప్ప మొదలుపెట్టిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘానికి దుప్పట్లు నేశాడు. నా ఫీజులన్నీ ఆ దుప్పట్లే కట్టాయి. కొన్నేళ్ల కింద కంటి పరీక్షకు హైదరాబాదు వస్తే, ఆయన్ని మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లాను. కళ చూపిద్దామని కాదు. అక్కడ నలుగురు నాకు నమస్కారం పెట్టడం ఆయన చూడాలని.

నాలుగైదు దేశాల వాళ్ల పనులు పెట్టారు ఆ రోజు. ఒకచోట కప్పు నుంచి పెద్ద గుడ్డ వేలాడుతోంది. నడుమ రెండు మూరల మేర పేక లేదు, ఉత్త పడుగే. నాయన దాని ముందు ఎక్కువసేపు నిలబడలేదు. చుట్టూ తిరిగి వెనక్కి పోయి, గొంతుక్కూర్చుని, కళ్లు చికిలించి కిందినుంచి పైకి చూశాడు.

"ఈడ పేక కొట్టకుండా ఇడిసిపెట్టినారు రా. పోగు తెగిందేమో అనుకుంటి. తెగలే. నాలుగేసి పోగులు కలిపి ముడేసినారు, కావాలనే. ఎనకతట్టు చూస్తే తెలిసిపోతాది."

"లెయ్ నాయనా, అందరూ చూస్తాండారు. అది దుప్పటి కాదు, ఆర్టు."

లేచాడు. మోకాళ్లు దులుపుకున్నాడు. మిగతా హాలంతా చేతులు వెనక్కి కట్టుకుని నా వెంట నడిచాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ వారమే సమీక్ష రాశాను. "తెగిన పోగులు వలసల గాయాలు" అని మొదలుపెట్టాను. తెగలేదని తెలిసే రాశాను. ముడి అంటే వాక్యం పండదనిపించింది. అందరూ మెచ్చుకున్నది ఆ వాక్యాన్నే.

అదే వ్యాసంలో ఘానా కళాకారుడు ఇబ్రహీం మహామా ప్రస్తావన కూడా తెచ్చాను. 2015 వెనీస్ బినాలేలో గోనెసంచులు కుట్టి పొడుగాటి గోడల్ని కప్పేసినవాడు. ఫోన్‌లో ఫొటోలు చూసి ఆ గోనెల చెమట గురించి ఒక పేరా అల్లాను. ఆదోనిలో చదువుకునే రోజుల్లో పత్తి మార్కెట్ యార్డు మీదుగా పోవాల్సొస్తే, బోరాలు మోసే హమాలీల పక్కనుంచి కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకుని పోయినవాణ్ని.

తరవాతెప్పుడో దక్కను చిత్రాల గురించి చదువుతుంటే ఆదోని పేరు ఎదురైంది. బికనేరు రాజుల సేకరణలోని కొన్ని దక్కను బొమ్మల వెనకవైపు, అవి ఆదోని నుంచి వచ్చాయని రాసి ఉందట. 1680ల చివర మొఘలు సైన్యం ఆదోని కోటను పట్టుకుంది. ఆ దండులో ఉన్న బికనేరు మహారాజు అనూప్ సింగ్ అక్కడి చిత్రాలు తన ఊరికి తరలించాడు. అప్పటిదాకా కోట ఏలినవాడు సిద్ది మసూద్ ఖాన్, ఆఫ్రికా మూలాలున్న హబ్షీ, బిజాపూరు వజీరుగా చేసినవాడు. ఆదోనిలో షాహీ జామియా మసీదు కట్టించిందీ ఆయనే. ఆ మసీదు పక్కనుంచి నేను ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. కట్టించిందెవరని ఒక్కసారీ అడగలేదు.

ఆ బిజాపూరు కొలువు బొమ్మల్లో ఇరాన్ కుంచె ఉంది, దక్కను రంగు ఉంది, హబ్షీ సర్దారుల ముఖాలున్నాయి. హాలండ్ లోని హార్లెం నుంచి వచ్చిన హేడా అనే చిత్రకారుడు కూడా ఆ కొలువులో పనిచేశాడు. ఈనాడు మనం మురిపెంగా పలుదేశాల సమకాలీన కళ అంటున్నామే, ఆ రోజుకు అదే. అలాంటి బొమ్మలే మా ఆదోని కోటలో ఉండేవి. "మా ఊళ్లో కళాగిళా ఏం లేవండీ" అని హైదరాబాదులో ఎంతమందికి చెప్పానో!

చదివినప్పుడు ముందు గర్వమే కలిగింది, దాచను. వెంటనే దాని మీద ఇంకో వ్యాసం రాద్దామనిపించింది. ఎదుటివాడు ఇచ్చిన ప్రతిదాన్నీ వ్యాసం చేసుకునే బుద్ధి అంత తొందరగా పోదు. కాయితం ముందు కూర్చుంటే మాత్రం, గ్యాలరీ నేల మీద గొంతుక్కూర్చున్న మనిషే కనిపించాడు. బొమ్మ ఏ ఊరిదో తెలియాలంటే ఎక్కడ చూడాలో ఆయనకు తెలుసు. నాకు ముందుతట్టే తెలుసు, అదీ నలుగురి కళ్లతో.

ఆ తరవాత నాయన గ్యాలరీకి రాలేదు. నేనూ పిలవలేదు.

ఆ సమీక్ష చదివినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి దిద్దుకోండి. ఆ పోగులు తెగినవి కావు. నాలుగేసి కలిపి ముడేసినవి. చూసింది నేను కాదు, మా నాయన.