ఒక పూట కూలి

2025 మార్చి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, బొల్లాపల్లి ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా మా కారు ఆగిపోయింది. కారు నా స్నేహితురాలిది. తనూ నాలాగే తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసింది, ఇప్పుడు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. నాయకురాలు నాగమ్మ గురించి ఆడవాళ్లు చెప్పుకునే కథలేమైనా దొరుకుతాయేమోనని కారెంపూడి బయల్దేరాం. పొద్దున వినుకొండలో దిగి, జాషువా పుట్టిన ఊరు కదా అని కాసేపు ఆ వీధుల్లో తిరిగాం. బొల్లాపల్లి మీదుగా పోదాం, అడవి అంచు చూడొచ్చు అన్నది తనే. దారంతా కులం గురించే మాట్లాడుకున్నాం. ‘గబ్బిలం’లో ఆ అంటరాని మనిషికి తన గోడు శివుడికి చేరవేయడానికి సాటి మనిషి దొరకలేదు, గబ్బిలమే దొరికింది. ఆ ఒంటరితనాన్ని క్లాసులో ఎలా చెబుతుందో తను వివరిస్తుంటే నేను తలూపుతూ కూర్చున్నాను.

ఉన్నట్టుండి ఇంజను వేడిని చూపే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. కారు పక్కకు తీసి ఆపేసింది. రోడ్డుకు అటూ ఇటూ మిరప చేలు, దూరంగా కొండ. ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత వచ్చి పోతోంది. మా దగ్గరున్న నీళ్లు సగం సీసా.

పావుగంటకు ఒక తెల్ల కారు ఆగింది. యాభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా. ఏమైందమ్మా అని అడిగి, ఎక్కడివాళ్లు, ఏం చేస్తారు అన్నాక, “మనోళ్లేనా?” అన్నాడు. ఆ ప్రశ్నకు అర్థం మాకు తెలుసు. నా ఇంటిపేరు చెప్పాను. అది సరిపోయింది. వినుకొండలో దింపుతానన్నాడు. కారు వదిలి రాలేమన్నాం. తన ఫోన్ నంబరు ఇచ్చి, “ఇక్కడ ఎక్కువసేపు ఉండమాకండి, చుట్టుపక్కల తండాలు” అని వెళ్లిపోయాడు. మేం ఆ నంబరు కృతజ్ఞతగా రాసుకున్నాం.

ఇంకో పది నిమిషాలకు మోటారు సైకిల్ మీద ఒక కుర్రాడు వచ్చాడు. వెనక మందు కొట్టే స్ప్రేయర్ కట్టి ఉంది. బండి ఆపి, ఆవిరి చూసి, “అక్కా, మూత తియ్యమాకండి, మొకం కాలుద్ది. చల్లారనీండి” అన్నాడు. వంగి చూసి, గొట్టం క్లిప్పు దగ్గర చీలిందని చెప్పాడు. నీళ్లూ చాకూ తీసుకొస్తానన్నాడు. ఇల్లెక్కడ అని అడిగితే తండా వైపు చూపించాడు.

అప్పుడు నేను ఫోన్ తీసి అతని బండి నంబరు ఫోటో తీయబోయాను. చాటుగా తీద్దామనుకున్నాను కానీ అతను చూశాడు. ఒక్క క్షణం ఆగి, మెడలో తువ్వాలు తీసి నంబరు ప్లేటు మీది దుమ్ము తుడిచాడు. “ఇప్పుడు తీసుకోండక్కా, కనబడుద్ది” అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఫోటో మా చెల్లికి పంపాను.

అతను వెళ్లాక మేమిద్దరం ఒకరితో ఒకరం చెప్పకుండానే ఒకే సంగతి తలుచుకున్నాం. 2019 నవంబర్ 27 రాత్రి, శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ ప్లాజా సమీపంలో, ఒక యువ పశువైద్యురాలి స్కూటర్ టైరులో గాలి లేదు. బాగుచేయిస్తామంటూ ఒకడు స్కూటర్ తీసుకెళ్లాడని, మిగిలినవాళ్లు అక్కడే ఉన్నారని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత జరిగిన అత్యాచారం, హత్య మనందరికీ తెలుసు. ఆ రోజు నుంచి బండి ఆగిపోయిన ఏ ఆడదానికైనా ‘సాయం చేస్తాను’ అనే మాట ముందు భయాన్నే తెస్తుంది. ఇతనూ ఏదో తెస్తానని వెళ్లాడు. ఏం తెస్తాడు, ఎవర్ని తెస్తాడు?

ఇరవై నిమిషాల తర్వాత బండి తిరిగొచ్చింది. వెనక ఇంకో మనిషి ఉన్నట్టు దూరం నుంచే కనిపించింది. నా స్నేహితురాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దగ్గరికొచ్చాక చూస్తే, వెనక నీళ్ల క్యాన్ ఒళ్లో పెట్టుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. “మా అమ్మ. ఆడోళ్లు ఇద్దరే ఉన్నారు గదా, భయపడతారని చేలోంచి తీసుకొచ్చా” అన్నాడు.

ఆమె మా పక్కనే రాయి మీద కూర్చుంది. మిరపకాయలు కోసిన చేతులు, మంటకు నీళ్లలో ముంచి ముంచి తుడుచుకుంటోంది. కొడుకుతో లంబాడీలో, మాతో తెలుగులో మాట్లాడింది. ఇంట్లో ఫోన్ చేశారా, తిన్నారా అని అడిగింది. కొడుకు చీలిన మేర గొట్టం కోసేసి, మిగిలింది లాగి క్లిప్పు బిగించి, నీళ్లు పోశాడు. వెనక్కి తిరిగి వినుకొండ పోయి మెకానిక్‌కి చూపించమన్నాడు. అంతా అయ్యేసరికి గంట పైన పట్టింది. లేవబోతూ ఆమె, “ఈ పూటకి కూలి పోయినట్టే” అంది. ఫిర్యాదుగా కాదు, ఎండ ఎక్కువైంది అన్నట్టుగా.

నా స్నేహితురాలు గబగబా అయిదువందల నోటు తీసి కుర్రాడి చేతిలో పెట్టబోయింది. అతను వద్దక్కా అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె ఏమీ అనలేదు. బండెక్కి వెళ్లిపోయారు.

అప్పటి నుంచి ఆ పూట కూలి నన్ను వదలడం లేదు.

మనకు సాయం చేయడానికి వచ్చిన మనిషిని అనుమానించడం అన్యాయమా? కాదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. జాగ్రత్త నా హక్కు. నమ్మి మోసపోతే పోయేది నా ప్రాణం, అనుమానిస్తే అవతలివాడికి పోయేది కాస్త మర్యాద. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టమనడం దుర్మార్గం. ఈ మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. ఒక మంచి కుర్రాడు ఎదురైనంత మాత్రాన లోకం మంచిదని తేల్చడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు.

కానీ నా అనుమానం ఎవరి మీద పడిందో చూడండి. తెల్ల కారు నంబరు మేం ఫోటో తీయలేదు. అతను మమ్మల్ని కారెక్కమన్నాడు, కులం అడిగాడు, ఊరు అడిగాడు. భయపడాల్సిన లెక్కన చూస్తే అతనికే భయపడాలి. కుర్రాడు మమ్మల్ని ఎక్కడికీ రమ్మనలేదు. అయినా నా వేలు ఫోన్ మీదికి వెళ్లింది కుర్రాడిని చూశాకే. అంటే నా భయం ఆడదాని భయం మాత్రమే కాదు. దానికి నా ఇంటిపేరు కూడా ఉంది. జాషువా గురించి తలూపిన తల ఇదే.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి, కొన్ని కులాల్లో, తెగల్లో పుట్టడాన్నే అనుమానానికి ఆధారం చేసింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలాంటి సెటిల్‌మెంటుగా మొదలైన ఊరే. 1952లో ఆ చట్టం రద్దయింది. “చుట్టుపక్కల తండాలు” అన్న రెండు మాటల్లో అది ఆ రోజు మళ్లీ అమల్లోకి వచ్చింది. దాన్ని అమలు చేసింది నేను.

ఇక లెక్కలు ఇంకో మాట చెబుతాయి. జాతీయ నేర గణాంకాల్లో ఏళ్ల తరబడి కనిపిస్తున్నది ఒకటే: నమోదైన అత్యాచార కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లే. చుట్టాలు, పొరుగువాళ్లు, పెళ్లి చేసుకుంటానన్నవాళ్లు. ‘మనోళ్లే’. మనకు నేర్పిన భయం మాత్రం ఎప్పుడూ రోడ్డు మీది అపరిచితుడి వైపే చూపిస్తుంది. ఆ భయం ఇంటిని కాపాడుతుంది, మనల్ని కాదు.

తత్వవేత్త ఆనెట్ బైయర్ 1986లో నమ్మకం మీద ఒక వ్యాసం రాసింది. ఒకరిని నమ్మడమంటే మనల్ని గాయపరచగల వీలు వాళ్లకిచ్చి, గాయపరచరనే ధీమాతో ఉండటం అంటుంది. తత్వశాస్త్రం సమానుల మధ్య ఒప్పందాలనే ఎక్కువగా పట్టించుకుందని, బలం సమానంగా లేనిచోట నమ్మకం ఎలా ఉంటుందో అడగలేదని ఎత్తి చూపింది. ఆ రోడ్డు మీద ఎవరు బలవంతులు? అతను మగవాడు, ఆ చోటు అతనిది. కానీ నేను ఒక్క ఫోన్ చేసి అతని నంబరు చెబితే పోలీసులు నన్ను నమ్ముతారు, అతన్ని కాదు. మా ఇద్దరికీ ఒకరినొకరు గాయపరచే వీలుంది. నాకు నా భయమే కనిపించింది. అతనికి రెండూ కనిపించాయి. అందుకే ప్లేటు తుడిచాడు, అమ్మను తెచ్చాడు.

అతని భయం ఉత్తది కాదు. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున, శంషాబాద్ కేసులో నిందితులు నలుగురినీ చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. వార్త వినగానే నేనూ ‘మంచిపనైంది’ అనుకున్నాను. సిగ్గుపడటానికి నాకు కొంత సమయం పట్టింది. ఆ రోజే హైదరాబాద్‌లో కొందరు మహిళా కార్యకర్తలు హైకోర్టును ఆశ్రయించారు, మృతదేహాలను భద్రపరచాలని కోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని అది చెప్పింది. ఆ రాత్రి ఏం జరిగిందో తేల్చే విచారణ ఏ కోర్టులోనూ జరగనే లేదు. మన భయం పేరు మీద ఆ పని జరిగింది, మనల్ని అడగకుండానే.

రోడ్డు అందరు ఆడవాళ్లకూ ఒకేలా ప్రమాదం కాదని కూడా ఆ రోజు గుర్తుకు రాలేదు. అదే ఏడాది ఫిబ్రవరి 9న పల్నాడు జిల్లాలోనే, ముప్పాళ్ల మండలంలో, మిర్చి కోతకెళ్లి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టర్ బోల్తాపడి నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. మా పక్కన రాయి మీద కూర్చున్న ఆమె కూడా అలాంటి బండిలోనే చేలకు వెళ్తుండవచ్చు. ఆమెకు ప్రమాదం బండి ఆగిపోవడంలో లేదు, ఎక్కడంలోనే ఉంది. దాని గురించి ఎవరూ మనకు జాగ్రత్తలు చెప్పరు.

కాబట్టి అనుమానించడం తప్పా అన్న ప్రశ్న కన్నా, దాని ఖరీదు ఎవరు కడుతున్నారన్నది అడగాల్సిన ప్రశ్న అనిపిస్తోంది. మా భద్రత కోసం ఆ రోజు ఒక ఆడమనిషి పని వదిలేసి వచ్చింది. మేం రమ్మనలేదు నిజమే, మా చూపు రప్పించింది. డబ్బు ఇవ్వాలనుకున్నప్పుడు, పితృస్వామ్యం మీద పేజీలు రాసిన మేమిద్దరం నోటును కొడుకు వైపు చాపాం. వద్దన్నది కొడుకు, పోయింది అమ్మ కూలి. ఆమె తీసుకునేదో లేదో తెలియదు. మేం అడగలేదు.

ఇకముందు కూడా నేను నంబరు ఫోటో తీస్తాను. తెల్ల కారుదీ తీస్తాను, ముందు దానిదే తీస్తాను. జాగ్రత్తను వదులుకోను, దాన్ని తీర్పుగా మాత్రం మార్చను. ఇంతవరకే చెప్పగలను. ఇది సరిపోదని నాకు తెలుసు.

ఆ సాయంత్రం వినుకొండలో మెకానిక్ దగ్గర కూర్చుని మా చెల్లికి ఫోన్ చేశాను. ఫోటో ఏదీ రాలేదంది. చూస్తే, సిగ్నల్ లేక అది వెళ్లనే లేదు. నా జాగ్రత్త నన్ను కాపాడలేదు. అది చేరాల్సిన చోటికి చేరలేదు గానీ, ఆ కుర్రాడికి మాత్రం అప్పుడే చేరింది.