సుంకపు మెట్టున కూర్చున్నది ఎవరు?

సువార్తలలోని సుంకరులనుగూర్చి చదువునప్పుడు మనము వారిని దూరమునుండి చూచుట వాడుక. మత్తయి సుంకపు మెట్టునొద్ద కూర్చుండెను, జక్కయ్య మేడిచెట్టు ఎక్కెను, వారెవరో, మనమెవరో. అయితే ఆదోని బజారులో ఇనుప సామాను కొట్టు పెట్టుకొనిన సహోదరుడు, ఎమ్మిగనూరులో బట్టల దుకాణము నడుపుకొను సహోదరి, ఈనాడు ఆ మెట్టునొద్దనే కూర్చున్నారు. అమ్మకపు పన్ను దినములలోను సంగతి ఇంతే. 2017 జూలై 1వ తేదీన వస్తు సేవల పన్ను, అనగా జి.ఎస్.టి., వచ్చిన తరువాత అది మరింత తేటపడినది.

ఎమ్మిగనూరులో ఒక తల్లి వెయ్యి రూపాయల నేతచీర కొనెననుకొందము. పన్ను నూటికి 5 చొప్పున ఏబది రూపాయలు. అందులో ఇరువదియైదు కేంద్రమునకు, ఇరువదియైదు రాష్ట్రమునకు. ఆమె దుకాణదారునికి ఇచ్చినది వెయ్యి మాత్రమే. ఆ ఏబది అతని చేతిమీదుగా పంపినది. సరకు కొన్నప్పుడు తాను కట్టిన పన్నును అతడు అందులో తగ్గించుకొనవచ్చును. ఆ హక్కు చట్టమే ఇచ్చినది. తక్కినది అతనియొద్ద దాచియుంచిన పరుల సొమ్ము.

పన్ను ఎగవేయుట దొంగతనమా అని మన సంఘములలో అడుగువారు కలరు. “దొరతనమువారు ఆ డబ్బును సరిగా ఖర్చు పెట్టుచున్నారా? పెద్దవారు కోట్లు మింగుచుండగా మా చిల్లర కొట్టా వారికి కనబడినది?” అందురు. ఈ మాటను త్రోసివేయరాదు. పన్ను అన్యాయముగా ఉండవచ్చును. ఈ సీమకు అది తెలిసిన సంగతియే. 1800లో నిజాము దత్తమండలమును కుంపిణీవారికి అప్పగించిన తరువాతను, సాలెవాని మగ్గము మీద మొహతర్ఫా అను పన్ను ఉండెను. పనిముట్టు మీదనే పన్ను! అట్టి పన్ను మీద మొరపెట్టుకొనుట న్యాయమే. ఓటు ఉన్న మనము మరింత గట్టిగా అడుగవచ్చును. కాని చీర కొన్న తల్లి ఇచ్చిన ఏబది రూపాయలను గల్లాపెట్టెలో ఉంచుకొనినయెడల దొరతనము చేసిన తప్పు దిద్దబడదు. ఆ తల్లి ఇచ్చినది ఒక పనికి, అది పోయినది మరియొక పనికి.

బాప్తిస్మమిచ్చు యోహానునొద్దకు సుంకరులు వచ్చి మేమేమి చేయవలెనని అడిగినప్పుడు, ఆయన వారిని ఆ ఉద్యోగము మానుకొమ్మనలేదు. నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసికొనవద్దని మాత్రము చెప్పెను. ఆ కాలమున సుంకము వసూలుచేయు హక్కును గుత్తకు ఇచ్చుట కలదు. కట్టవలసినది పోగా మిగిలినదంతయు గుత్తదారునిదే. కాబట్టి ఆ మాట సూటిగా వారి రాబడిమీదనే పడినది.

మన కొట్లలో ఆ మాట ఎక్కడ తగులును? సరకులు అమ్మువారికి మన రాష్ట్రములో సాధారణముగా ఏడాది అమ్మకము 40 లక్షలు దాటువరకు జి.ఎస్.టి. రిజిస్ట్రేషను అక్కరలేదు. అట్టివాడు పన్ను పేరట ఒక్క రూపాయియు అడుగరాదు. కోటి యేబది లక్షలలోపు వారికి కాంపోజిషన్ అను సులువైన పద్ధతి ఉన్నది. సరకుల వ్యాపారి అమ్మకములో నూటికి ఒక రూపాయి తన చేతినుండి కట్టవలెను, కొనువానియొద్ద పన్ను వసూలు చేయరాదు. లక్షకు వెయ్యి రూపాయలు తాను కట్టుచు, బిల్లులో ఐదువేలు పన్నని వ్రాసి తీసికొనువాడు ఏ సుంకరికి తీసిపోవును?

ఇంకొక శోధన మెల్లగా వచ్చును. వసూలైన పన్ను గల్లాలోనే ఉండును. కుమార్తె పెండ్లి దగ్గరపడును, లేదా సరకు పంపినవాడు తొందరపెట్టును. “ఇరువదవ తేదీలోగా సర్దుదములే” అని దానిలో చేయి పెట్టుదురు. ఆలస్యమైన పన్నుకు ఏడాదికి నూటికి 18 వడ్డీ. అందుచేత పన్ను సొమ్మును ఏ రోజుకు ఆ రోజు వేరొక బ్యాంకు ఖాతాలో వేసికొనుట మేలు. ఇది చిన్న సలహాయే గాని, మనకు కనబడినంతవరకు ఉపదేశములకంటె ఎక్కువమందిని కాపాడునది ఇదే.

బేరమాడువారిని కూడ విడిచిపెట్టరాదు. “బిల్లు వద్దు, తగ్గించి ఇయ్యి” అని మనమే అడుగుదుము. బిల్లు వ్రాసెదనన్న కొట్టు విడిచి ఎదుటి కొట్టుకు పోదుము. న్యాయముగా నడచువానికి ఆ దినము నష్టమే. ఆ నష్టము లేదని చెప్పుట అబద్ధము. అందులో మన పాలు ఎంతో ఎవరికివారే లెక్క చూచుకొనవలెను.

ఆదాయపు పన్ను సంగతి వేరు. 2025-26 ఆర్థిక సంవత్సరమునుండి కొత్త పద్ధతిలో 12 లక్షలవరకు సాధారణ ఆదాయముగలవానికి రిబేటు వలన పన్ను పడదు. నాలుగు లక్షలు దాటినప్పుడు రిటర్ను మాత్రము దాఖలు చేయవలెను. చిన్నవారు దీనికి భయపడనక్కరలేదు. మమ్మును బాధపెట్టునది మరియొకటి. వ్యవసాయ ఆదాయమునకు కేంద్ర ఆదాయపు పన్ను లేదు. నాలుగెకరముల మెట్ట పెట్టుకొని, బజారులో వచ్చిన లాభమును వేరుసెనగ పంటలో వచ్చినదని వ్రాయించుకొనువారు కలరు. వాన తప్పినయెడల గింజ చేతికిరాని ఈ పడమటి తాలూకాలలో, ఆ వెసులుబాటు ఎవరినిగూర్చి కలిగినదో వారికి తెలియనిది కాదు. ఎండిన చేను గల రైతు పేరును తమ లాభమునకు తెరగా కట్టుకొనుట పన్ను ఎగవేతకంటె హీనమని మా అభిప్రాయము.

ఆ రైతే ప్రత్తి మూటలు బండికెత్తి ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చును. రైతు అమ్మిన ముడిప్రత్తిమీద జి.ఎస్.టి.ని రిజిస్టరు చేసికొనిన కొనుగోలుదారుడే కట్టవలెనని 2017 నవంబరునుండి నియమము; కట్టినదానిని అతడు తన తదుపరి పన్నులో తగ్గించుకొనవచ్చును. మార్కెట్ సెస్సు కూడ కొనువానిదే. తక్‌పట్టీలో ఈ రెండింటి పేరట రైతుకు రావలసిన సొమ్ము కోతపడినదేమో చూడవలెను. అక్షరము రాని పెద్దలు మన సంఘములలో ఇంకను ఉన్నారు. ఈ ప్రత్తికాలములో యార్డుకు పోవు పెద్దవారివెంట చదువు వచ్చిన యౌవనస్థుడొకడు పోయి, సొమ్ము చేతబట్టకముందే ఆ చీటీని ఆయనకు చదివి వినిపించవలెను.