కానరాని దానియెడల ధర్మము

నశించుచున్న జాతుల పట్టికలో పులికిని ఏనుగునకును చోటున్నదనిన నెవ్వరును ఆశ్చర్యపడరు. అందొక శిలీంధ్రము పేరు మేము చదివినపుడు మాత్రము తరగతిలోని బాలురు పకపక నవ్విరి. పుట్టగొడుగును కాపాడుటయా! ఆ నవ్వునకు మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి.

అది మన దేశపుది కాదు. అమెరికా వాయవ్యమున ఆరిగన్, వాషింగ్టన్ రాష్ట్రముల కొండయడవులలో, ముదిసిన నోబుల్ ఫర్ వృక్షముల మొదళ్లయందు కానవచ్చును. శాస్త్రజ్ఞులు దానిని బ్రిడ్జియోపోరస్ నోబిలిస్సిమస్ అందురు. పైభాగమంతయు జూలువంటి పీచుతో నిండి, నాచుపట్టి పచ్చగా నుండును. 1946లో వాషింగ్టన్ రాష్ట్రమున దొరికిన దొకటి దాదాపు 300 పౌనులు తూగినది. 1949లో విలియం బ్రిడ్జ్ కుక్ దీనిని వర్ణించి శాస్త్రలోకమునకు ఎఱుకపఱచెను. 1995లో ఆరిగన్‌లో నశింపనున్న జాతిగా పట్టికకెక్కినది. ఆ దేశమున నట్టి గౌరవము (దుర్గతి యనుటయే మేలేమో) పొందిన మొదటి శిలీంధ్ర మిదియే.

మన పెద్దలు ఛత్రాకమును మఱచినవారు కారు. మనుస్మృతి దానిని తినరానివానిలో లెక్కించినది. పల్లెవారు తొలకరిలో పుట్టలవెంట వెదకి తెచ్చి కూర వండుకొందురు. తినవచ్చునా, తినరాదా యను విచారమును దాటి వీరును పోలేదు, వారును పోలేదు. పీచుమయమైన యీ యమెరికా శిలీంధ్రమును గూర్చి ఆ విచారమే పుట్టదు. ఎవరికిని పనికిరాని దానికై, కలప నమ్ముకొని బ్రదుకు కూలివాని గొడ్డలి నాపుట న్యాయమా? ఇది చులకన చేయదగిన ప్రశ్న కాదు. కూలివానికిని బిడ్డలుందురు.

అరుదైనది కావున కాపాడవలెనని మేము చాలకాలము చెప్పుచుంటిమి. 2015లో వెలువడిన యొక పరిశోధన మా జవాబును చెఱచినది. చెట్లకొయ్యను ఇంచుక తొలిచి జన్యుపరీక్ష చేయగా, పైకి ఏమియు కానరాని చెట్లలో సైతము దీని తంతువులున్నట్లు తేలినది. అడవిలో ఇది కంటికి తోచినదానికంటె చాల విరివిగా నున్నదట! అరుదనము కొంత మన చూపుదే.

అయినచో కర్తవ్యము తగ్గినదా? తగ్గలేదనియే మా తలంపు. లోపలి తంతువు బీజములను వెదజల్లవలెనన్న బయటికి ఫలింపవలెను. అట్లు ఫలించుట యెక్కువగా మహావృక్షముల మొదళ్లనే కానబడుచున్నది. లెక్క మారినది గాని, కూలిన ముదుసలి చెట్టును మన జీవితకాలమున మరల నిలుపలేమనుట మారలేదు. అయితే ఆ చెట్టును నిలిపినందువలని నష్టమును కూలివానిపైననే మోపి మనము ధర్మాత్ములమని మురియుట తగదు. కలప వాడుకొనువారందఱును దానిని పంచుకొనవలసియున్నది.

మఱునాడు, నవ్విన బాలురలో నొకడు బడి ఆవరణములోని మామిడి మొద్దు చుట్టును తిరుగుచుండెను. మేము దగ్గఱకు పోగా, "లోపల నేమైన నున్నదాండీ?" అని యడిగెను.